ఒక్కరికి టేబుల్

శ్రీదుర్గకి తిండి అంటే ఇష్టం. ఆ సంగతి ఆమె ఎవరి దగ్గరా దాచలేదు. ఆకలి రుచెరగదంటారు గానీ ఆమె ఆకలికి రుచి బాగా తెలుసు. పొద్దుటి నుంచీ మిరప తోటల్లో తిరిగి, ఆకులు తిరగేసి తామర పురుగు వెతికి, విత్తనం మొలవలేదన్న రైతుల చేత చీవాట్లు తిని, ఎండ వాలుతుండగా గుంటూరు చేరేసరికి ఆమెకి ఏదో ఒకటి కడుపులో పడితే చాలనిపించదు. పొగలు కక్కే అన్నం కావాలి. మధ్యన గుంట చేసి పోసిన పప్పు కావాలి. పక్కన గోంగూర, దాని మీద రెండు పచ్చి ఉల్లిపాయ ముక్కలు, చివర్లో గరిటెకి అంటుకుని ఓ పట్టాన జారని గడ్డ పెరుగు కావాలి. వీటన్నిటికంటే ముందు కూర్చోవడానికి ఒక కుర్చీ కావాలి. చిక్కంతా ఆ కుర్చీ దగ్గరే వచ్చేది.

"ఒక్కరేనా మేడం?" అని అడుగుతాడు గల్లా పెట్టె దగ్గర కూర్చున్న మనిషి.

ఒక్కదాన్నేనంటుంది. అతను ఆమె భుజం మీదుగా వెనక్కి చూస్తాడు, ఎవరైనా కారు ఆపుకుని వస్తున్నారేమోనని. ఎవరూ రారు.

"పార్సెల్ కట్టించెయ్యమంటారా?"

ఆ అడగడంలో అమర్యాద ఏమీ ఉండదు. ఆమెకి ఒళ్లు మండేది అందుకే. తిట్టినవాణ్ణి తిరిగి తిట్టొచ్చు. మర్యాదగా గుమ్మం చూపించేవాణ్ణి ఏమనాలి?

శ్రీదుర్గ ఒక విత్తనాల కంపెనీలో ఏరియా ఆఫీసరు. ఇటు పర్చూరు నల్లరేగళ్ల నుంచి అటు కనిగిరి మెట్టభూముల దాకా పత్తీ మిరపా వేసే ఊళ్లన్నీ ఆమె చూడాల్సినవే. నలభై దాటాయి. వచ్చిన సంబంధాలు కొన్ని కుదరలేదు, కుదిరేవి కొన్ని ఆమెకి నచ్చలేదు, తర్వాత ఆ ప్రస్తావన దానంతటదే ఆగిపోయింది. గుంటూరు విద్యానగర్లో తల్లి శ్యామలాంబతో కలిసి ఉంటుంది. కంపెనీ ఇచ్చిన కారు తనే నడుపుకుంటుంది. పొలం గట్టు మీద పదిమంది మగవాళ్ల మధ్య నిలబడి, ఏ మందు కొట్టాలో, ఏది కొట్టి డబ్బు తగలేసుకోకూడదో గట్టిగా చెప్పగలదు. అలాంటి మనిషి హోటల్ మెట్లెక్కేటప్పుడు మాత్రం, పరీక్ష హాలుకి ఆలస్యంగా వచ్చిన పిల్లలా గుండె చిక్కబట్టుకునేది.

హోటల్ తిండి మీద ఇష్టం ఆమెకి చిన్నప్పుడే పట్టుకుంది. తండ్రి లక్ష్మీనరసింహం కనిగిరి హైస్కూల్లో తెలుగు పండితుడు. వాళ్లింట్లో బయటి తిండి అన్న మాటే లేదు. బస్సెక్కితే శ్యామలాంబ చేతిలో పులిహోరతో నిండిన క్యారేజీ ఉండాల్సిందే. శ్రీదుర్గ తొమ్మిదో తరగతిలో ఉండగా వక్తృత్వ పోటీకి తండ్రి ఆమెని ఒంగోలు తీసుకెళ్లాడు. రెండో బహుమతి వచ్చింది. ఆ సంతోషంలో ఆయన అటూ ఇటూ చూసి, దొంగతనానికి వెళ్తున్నవాడిలా, బస్టాండు దగ్గర ఒక మేడ మీది హోటల్‌కి కూతురిని వెంటబెట్టుకుని ఎక్కాడు.

అరిటాకు మీద నీళ్లు చల్లి తుడిచారు. ఒకతను అన్నం బకెట్టుతో వచ్చాడు, ఒకతను పప్పుతో, ఇంకొకతను నేతి గిన్నెతో. ఆకు ఖాళీ అవుతుండగానే మళ్లీ వచ్చి, వంగి, "ఇంకాస్త పెట్టమంటావా పాపా? సిగ్గుపడకు" అని అడిగారు. వాళ్లింట్లో వడ్డించేది ఆడవాళ్లు, ఇంకా కావాలా అని అడిగించుకునేది మగవాళ్లు. తల్లీ తనూ చివర్న కూర్చుని, మిగిలినవాటిని గిన్నెలతోనే దగ్గరికి లాక్కుని తినేవాళ్లు. ఒక మనిషి తన పక్కన నిలబడి తనకి ఏం కావాలో అడగడం ఆ పిల్లకి అదే మొదటిసారి. పెట్టమంది. మళ్లీ పెట్టమంది. లక్ష్మీనరసింహం నవ్వుతూ చూశాడు గానీ, దిగేటప్పుడు మాత్రం "అమ్మకి చెప్పకు" అన్నాడు.

బాపట్లలో వ్యవసాయ డిగ్రీ చదివి ఉద్యోగంలో చేరాక తన జీతంతో తను హాయిగా తినొచ్చనుకుంది. మొదట్లో జీపులో తోటి ఉద్యోగులతో తిరిగేది. మధ్యాహ్నమయ్యేసరికి ఏదో ఒక ఊళ్లో మెస్సు ముందు జీపు ఆగేది. మగవాళ్లంతా చేతులు కడుక్కుని బిలబిలమంటూ లోపలికి పోయేవాళ్లు.

"అక్కడ అంతా రష్షుగా ఉంటది మేడం, మీకు ఇబ్బంది. మీకిక్కడికే తెప్పిస్తాం" అనేవాడు చైతన్యకృష్ణ. ఆమెతో పాటే ఉద్యోగంలో చేరినవాడు, మంచివాడే. ఆ మంచితనం పుణ్యమా అని ఆమె కొన్నేళ్లు జీపు వెనక సీట్లో, ఒళ్లో పేపరు పరుచుకుని తింది. లోపలి నుంచి నవ్వులూ, గరిటెల చప్పుడూ, "ఇక్కడ నెయ్యి" అన్న కేకలూ వినపడుతుండేవి.

కారు చేతికొచ్చాక ఒంటరిగా వెళ్లడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి ఆమె ఎక్కిన గడపలకీ, పడిన అవస్థలకీ లెక్కలేదు. ఒక హోటల్లో చేతులు కడుక్కునే చోటి పక్కన కూర్చోబెట్టారు. వచ్చినవాళ్లంతా ఆమె కంచం మీదుగా చేతులు విదిలించుకుంటూ పోయారు. ఇంకోచోట మిగతా ఆడవాళ్లకి లాగే మర్యాద చేస్తున్నామనుకుని ఫ్యామిలీ రూమంటూ కర్టెన్ వేసిన అరలోకి పంపారు. లోపల ఫ్యాన్ తిరగలేదు. కర్టెన్ అవతల ఒక మనిషి ఉందన్న సంగతి వడ్డించేవాళ్లు మర్చిపోయారు. పప్పు వేశాక చారు రావడానికి ఆమె రెండుసార్లు బయటికి తల పెట్టి పిలవాల్సి వచ్చింది. మరోచోట మంచి టేబులే దొరికింది, ఫ్యాన్ కిందే దొరికింది. అన్నం కలుపుకుంటుండగా ఒకతను వచ్చి, "ఫ్యామిలీ వచ్చారు మేడం, మీరొక్కరే కదా, కాస్త అటు జరుగుతారా?" అని, జవాబు చెప్పకముందే ఆమె నీళ్ల గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. అన్నం కలిపిన కంచం ఎడం చేత్తో పట్టుకుని ఆమె ఆ గ్లాసు వెనక నడిచి వెళ్లింది.

ఎదుటి కుర్చీల్లో వచ్చి కూర్చునే అపరిచితుల సంగతి వేరే చెప్పక్కర్లేదు. "ఏం చేస్తుంటారండి? మీవారు ఎక్కడ చేస్తారు? ఓహో, ఇంకా చేసుకోలేదా?" ముద్దకో ప్రశ్న. ఆ ప్రశ్నలకంటే పార్సెలే నయమనిపించేది. అమరావతి రోడ్డులో నీడ చూసుకుని కారాపి, సాంబారు కవరు ముడి వేళ్లకి లొంగకపోతే పళ్లతో కొరికి, సగం చీర మీద పోసుకుని, స్టీరింగు మీద ప్లేటు పెట్టుకుని తినేది. పార్సెల్లో అన్నీ ఉంటాయి. వేడి ఉండదు. ఇంకా కావాలా అని అడిగేవాళ్లు ఉండరు.

"ఇంట్లో నేను వండిపెడుతుంటే ఆ హోటళ్ల వెంట పడి తిరగడం ఏం ఖర్మే?" అనేది శ్యామలాంబ.

"నువ్వు వండింది బాగుండదని కాదమ్మా. నాక్కూడా ఒక పూట కూర్చుని, ఎవరైనా వడ్డిస్తే తినాలని ఉంటుంది."

"నేను వడ్డించట్లేదా?"

డెబ్బై దాటిన తల్లి మోకాళ్లు పట్టుకుని లేచి వడ్డిస్తుంటే ఇంకాస్త అని అడగడానికి శ్రీదుర్గకి నోరు రాదు. ఒకసారి ఇద్దరైతే ఈ బాధ ఉండదని తల్లిని బతిమాలి అరండల్‌పేటలో ఓ శాకాహార హోటల్‌కి తీసుకెళ్లింది. మర్యాదగా లోపలికి పిలిచారు, నలుగురు కూర్చునే టేబులే ఇచ్చారు. శ్యామలాంబ సంచిలోంచి ఇంటి నుంచి తెచ్చుకున్న మజ్జిగ సీసా తీసి బల్ల మీద పెట్టింది. ఆకు తిరగేసి చూసింది. "ఉల్లిపాయ వేశారా? ఎవరు వండారు? ఏ నీళ్లు?" అని వడ్డించడానికి వచ్చిన ప్రతివాణ్ణీ అడిగింది. చివరికి ఉత్త మజ్జిగ తాగి, కూతురు తింటున్నంతసేపూ జాలిగా చూస్తూ కూర్చుంది. శ్రీదుర్గకి ముద్ద దిగలేదు. అలాంటి తోడుకంటే ఒంటరితనమే మేలనిపించింది.

ఈలోగా ఊరు పెరిగింది. ఇన్నర్ రింగు రోడ్డు వెంబడి పత్తి చేలున్న చోట్ల అపార్టుమెంట్లు లేచాయి. వాటి కింద, పక్కన, పైన అన్నీ హోటళ్లే. మేడ మీద దీపాలు వేలాడదీసినవి, గోడకి ఎద్దుబండి చక్రాలు దిగ్గొట్టినవి, వెదురు గుడిసెల్లో భోజనం పెట్టేవి. శ్రీదుర్గ దేన్నీ వదల్లేదు. ఎక్కడ పెసరట్టు నిజంగా నానబెట్టిన పెసలతో పోస్తారో, ఎవరి అల్లం పచ్చడిలో బెల్లం తగిన పాళ్లలో పడుతుందో, పట్నంబజారులో ఏ సందులో పునుగులు వాయ దింపేటప్పటికే అయిపోతాయో ఆమెకి తెలుసు. ఆఫీసులో ఎవరికి చుట్టాలొచ్చినా ఆమెనే అడిగేవాళ్లు.

చైతన్యకృష్ణ పెళ్లిరోజుకి కూడా అలాగే అడిగాడు. లక్ష్మీపురంలో కొత్తగా తెరిచిన ఒక హోటల్ పేరు చెప్పింది. మర్నాడు వెలిగిపోతున్న ముఖంతో వచ్చాడు.

"సూపర్ మేడం. మా ఆవిడ మిమ్మల్ని తెగ మెచ్చుకుంది. ఆ లోపలి హాలు ఎంత బాగుందో. మధ్యలో ఆ నీళ్ల కుండీ, అందులో తామరలు, పిల్లలైతే అక్కణ్ణుంచి కదల్లేదనుకోండి."

"నీళ్ల కుండీ ఉందా?" అంది శ్రీదుర్గ.

"అదేంటి, మీరు వెళ్లారుగా?"

"నేను పార్సెల్ కౌంటరు దాకే వెళ్లాను."

చైతన్యకృష్ణ నవ్వాడు. ఆమె సరదాకి అందనుకున్నాడు. ఆమె కుర్చీ తిప్పుకుని కంప్యూటర్ వైపు చూస్తూ కూర్చుంది. ఊరి రుచులన్నీ నాలిక మీద ఉన్నాయి, ఈ కొత్త హోటళ్లలో ఒక్క హాలూ కంటితో చూడలేదు.

ఇంత పెద్ద ఊళ్లో ఆమె నిదానంగా కూర్చుని తిన్న చోటు ఒకటే. మిర్చి యార్డుకి దగ్గర్లో గౌస్ బాషా అనే ఆయన రేకుల షెడ్డులో నడిపే టిఫిన్ సెంటర్. మొదటిసారి అక్కడికి ఆమె తిండి కోసం పోలేదు. యార్డులో మిరప ఘాటుకి దగ్గు తెర మొదలై ఆగకపోతే మంచినీళ్ల కోసం పరిగెత్తింది. పెనం ముందు నిలబడి ఉన్న గౌస్ బాషా భార్య సైదాబీ నీళ్ల చెంబు అందించి, "కూర్చో అమ్మాయ్, ఊపిరి తీసుకో. ఏమన్నా తిన్నావా, లేదా?" అంది. ఒక్కదానివేనా అనలేదు. బల్ల మీద కూర్చున్న హమాలీలు తలెత్తకుండానే కాస్త జరిగి చోటిచ్చారు. వాళ్లందరికీ తన లాగే కడుపు కాలుతోంది, పక్కన ఎవరు కూర్చున్నారో వాళ్లకి పట్టలేదు. కారం దోసె వచ్చింది. ఎండుమిరపకాయలు వెల్లుల్లితో రోట్లో నూరిన కారం, అంచులు కరకరలాడుతూ, మధ్యలో మెత్తగా. తింటుండగానే సైదాబీ రెండోది వేసి, "ఇది మాడకుండా వచ్చింది, ఇది తిను" అని కంచంలోకి జార్చింది.

ఆ తర్వాత వీలు దొరికినప్పుడల్లా అక్కడికే. గౌస్ బాషాని బాబాయ్ అనీ, సైదాబీని పిన్నీ అనీ పిలవడం అలవాటైంది. ఆయన కొడుకు షబ్బీర్ హోటల్ మేనేజ్‌మెంట్ చదివి హైదరాబాదులో పెద్ద హోటల్లో పనిచేసేవాడు. రోడ్డు వెడల్పులో షెడ్డు ముందు భాగం పోవడంతో ఉద్యోగం మానేసి వచ్చాడు. రేకుల కింద ఎన్నాళ్లు, రింగు రోడ్డులో ఏసీ హాలు పెడదామన్నాడు. గౌస్ బాషాకి కొడుకు ఊళ్లోనే ఉంటాడన్న ఆశ. సరేనన్నాడు.

ఆ కబురు విన్నప్పుడు శ్రీదుర్గ షబ్బీర్‌తో ఒకే ఒక మాట చెప్పింది. "తమ్ముడూ, అన్నీ నలుగురి టేబుళ్లే వెయ్యకు. నా లాంటి వాళ్లు కూర్చోడానికి రెండు చిన్నవి వెయ్యి."

"అలాగే అక్కా, అదెంత పని" అన్నాడు షబ్బీర్.

హోటల్ తెరిచే రోజున ఆమె కనిగిరి వైపు పత్తి చేలల్లో గులాబీ పురుగు గొడవలో ఇరుక్కుంది. తర్వాత కొన్నాళ్లకి ఒక ఆదివారం తీరిక దొరికింది. మంచి నేత చీర కట్టుకుంది. పెళ్లికి వెళ్తున్నంత సంబరంగా బయల్దేరింది.

అద్దాల తలుపులు, లోపల చల్లటి గాలి. తలుపు దగ్గర టై కట్టుకున్న మేనేజరు, కొత్తవాడు.

"ఎంతమంది మేడం?"

"ఒక్కదాన్నే."

అతను ఆమె భుజం మీదుగా వెనక్కి చూశాడు. "వెయిటింగ్ ఉంది మేడం. పార్సెల్ అయితే వెంటనే ఇచ్చేస్తారు."

కూర్చునే తింటానంది. గోడ వారగా వేసిన కుర్చీల్లో కూర్చోమన్నాడు. కూర్చుంది. ఆమె తర్వాత వచ్చిన ఒక కుటుంబం లోపలికి వెళ్లింది. ఇంకో కుటుంబం వెళ్లింది. ఆమె లేచి వెళ్లి అడిగింది. "ఫోర్ సీటర్లే ఉన్నాయి మేడం. ఒక్కరికి ఇవ్వలేం కదా. చూస్తాను" అన్నాడు. మళ్లీ ఒక కుటుంబం వెళ్లింది. ఆమె కళ్లతోనే హాలంతా వెతికింది. చిన్న టేబులు ఒక్కటీ లేదు.

అప్పుడు ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. కిటికీ పక్కన ఒక టేబులు అప్పుడే ఖాళీ అయి, తుడుస్తున్నారు. నేరుగా వెళ్లి అక్కడ కూర్చుంది.

మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. "మేడం, అది వీళ్లకి ఇచ్చేశాం."

అతని వెనక భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఒక ముసలాయన నిలబడి ఉన్నారు. చిన్నపిల్ల ఆకలికి ముఖం వేలాడేసింది. ఆ పిల్లని చూస్తే శ్రీదుర్గకి లేవాలనిపించింది. లేస్తే ఇక జన్మలో ఎక్కడా కూర్చోలేననిపించింది. బల్ల అంచు పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"వీళ్లకంటే ముందు వచ్చాను. నా వంతు వచ్చింది. మెనూ తెప్పించండి."

"పెద్దవాళ్లు నించున్నారు మేడం, కాస్త మానవత్వం..."

"ఇంతసేపూ నేను ఎదురు చూస్తుంటే మీకది గుర్తు రాలేదేం?"

పక్క టేబుళ్ల వాళ్లు తినడం ఆపి చూస్తున్నారు. ఎవరో షబ్బీర్‌ని పిలుచుకొచ్చారు. అతను ఆమెని చూసి తెల్లబోయి, వెంటనే నవ్వు తెచ్చుకున్నాడు.

"అక్కా, వస్తున్నట్టు ఒక ఫోన్ చెయ్యకూడదా? రండి, లోపల అమ్మ ఉంది. వంటింటి పక్కన మేం తినే చోట వేయిస్తాను, ప్రశాంతంగా తినొచ్చు. మీరు మన మనిషి కదా."

"మన మనిషైతే బయట కూర్చోకూడదా?"

"అది కాదక్కా." షబ్బీర్ నీళ్లు నమిలాడు. గొంతు తగ్గించాడు. "నాలుగు కుర్చీల దగ్గర ఒకళ్లు కూర్చుంటే ఈ అద్దెలకి నడవదక్కా. మీకు తెలియంది కాదు."

"అందుకేగా చిన్నవి వెయ్యమన్నాను. వేస్తానన్నావు."

"డిజైన్ చేసినాయన కుదరదన్నాడు. మర్చిపోలేదు, నిజంగా."

అతను చెప్పింది అబద్ధం కాదని ఆమెకి తెలుసు. తెలియడం వల్ల కోపం ఇంకా ఎక్కువైంది. ఇన్నేళ్లుగా ప్రతి హోటల్లోనూ ఎవరో ఒకళ్లకి సరైన కారణమే ఉంది. అన్ని సరైన కారణాలూ కలిసి ఆమెని కారులో కూర్చోబెట్టాయి.

అంతలో వంటింటి తలుపు తోసుకుని సైదాబీ వచ్చింది. కొత్త చీర మీద పాత తువ్వాలు వేసుకుంది. ఏం జరుగుతోందో అడగలేదు, విన్నట్టే ఉంది. వచ్చి శ్రీదుర్గ ఎదుటి కుర్చీ లాక్కుని, ఒక చేత్తో మోకాలు పట్టుకుని కూలబడింది.

"ఇప్పుడు ఇద్దరమయ్యాం. తీసుకురమ్మను" అంది కొడుకుతో. తర్వాత నిలబడి ఉన్నవాళ్ల వైపు తిరిగి, "ఈ రెండు కుర్చీల్లో పాపనీ పెద్దాయన్నీ కూర్చోమనండమ్మా. ఆ పక్కది లేస్తన్నారు, మీరందులోకి రండి" అంది.

చిన్నపిల్ల శ్రీదుర్గ పక్క కుర్చీ ఎక్కి కూర్చుంది. ముసలాయన మొహమాటపడుతూ ఒక నిమిషం కూర్చుని, పక్క టేబులు ఖాళీ కాగానే మనవరాల్ని తీసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ప్లేట్లు చాలా త్వరగా వచ్చాయి.

శ్రీదుర్గ చెయ్యి కడుక్కుని వచ్చి ప్లేటు వైపు చూస్తూ కూర్చుంది. ఇద్దరయ్యాక గానీ తిండి రాలేదు. ఎదురుగా కూర్చున్న మనిషి మీద ప్రేమా, అలా ఒకరు వచ్చి కూర్చోవలసి వచ్చినందుకు కచ్చా రెండూ ఒకేసారి పుట్టాయి.

"తిను, చల్లారిపోద్ది" అంది సైదాబీ.

కారం దోసె తుంచి నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇంకో ముక్క తుంచింది, పొరపాటు పడ్డానేమోనని. కారం పొడి ప్యాకెట్లోది. రంగు ఉంది, మంట ఉంది, వెల్లుల్లి వాసన పేరుకైనా లేదు. దోసె అట్టముక్కలా వంగింది.

సైదాబీ ఆమె ముఖంలోకే చూస్తోంది. "ఎట్లా ఉంది?"

"బాగలేదు పిన్నీ."

"నాకు తెలుసు." సైదాబీ ఏసీ గాలికి మోకాళ్లు లాగుతుంటే చీర కుచ్చెళ్లు సర్దుకుంది. "మాస్టర్లని పెట్టాడు. పిండి మిషన్లో తిరుగుద్ది, కారం సంచుల్లో వచ్చుద్ది. నన్ను పెనం దగ్గరికి రానియ్యరు, ఇట్లా వద్దమ్మా, మీరు కూర్చోండి అంటారు. ఎక్కడ కూర్చునేది? ఇరవై ఏళ్లు నించున్న కాళ్లకి కూర్చుంటే తోచట్లా. ఇన్నాళ్లకి ఇదే, ఈ కుర్చీలో నేను కూర్చోడం."

"బాబాయ్ ఏమంటాడు?"

"ఏమంటాడు, గల్లా దగ్గర కూర్చుని అందరికీ దండాలు పెడతన్నాడు. ఆయన బాగానే ఉన్నాడు."

ఇద్దరూ ఆ దోసె పూర్తిగా తినలేదు. పక్కన నిలబడి ఉన్న షబ్బీర్ అన్నీ విన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. శ్రీదుర్గ డబ్బులివ్వబోతే తీసుకోనన్నాడు. ఆమె బల్ల మీద పెట్టి వచ్చేసింది. కోరుకున్న కుర్చీ దొరికిన రోజున తిండి ఇలా తగలడిందేమిటని దారంతా గొణుక్కుంటూనే ఉంది. ఇంటికెళ్లి తల్లి చేసిన చారన్నం తింది.

తర్వాత షబ్బీర్ కొంత దిద్దుకున్నాడు. సైదాబీ వారం రోజులు ఇంట్లో పోరి, కారం మటుకు తను నూరించిందే వాడాలని పట్టుబట్టి సాధించుకుంది. కిటికీ వారగా పొడుగ్గా ఒక బల్ల వేయించి, ఒక్కళ్లుగా వచ్చేవాళ్లకని ఎత్తు స్టూళ్లు పెట్టించాడు షబ్బీర్. ఫోన్ చేసి మరీ చెప్పాడు. శ్రీదుర్గ సంతోషించి వెళ్లింది. ఆ బల్లంతా కోచింగు పిల్లలూ, మందుల కంపెనీల వాళ్లూ భుజాలు రాసుకుంటూ కూర్చుని ఉన్నారు. ఒక్క స్టూలూ ఖాళీ లేదు.

"ఒక్కరేనా మేడం? కొంచెం వెయిట్ చెయ్యాలి" అన్నాడు మేనేజరు. ఈసారి ఆమెని గుర్తుపట్టి, కాస్త భయపడుతూ అన్నాడు. ఆమెకి నవ్వు రాలేదు. వెయిట్ చేసింది. స్టూలు దొరికాక కాళ్లు నేలకి ఆనలేదు. దోసె మాత్రం పాత దోసెకి దగ్గర్లోకి వచ్చింది.

సైదాబీ ఇప్పుడు అప్పుడప్పుడూ ఆమెకి ఫోన్ చేస్తుంది. "అమ్మాయ్, ఈ ఆదివారం ఎక్కడికి పోదాం?" అంటుంది. కూర్చోడం అలవాటు చేసుకోవాలట. ఇద్దరూ కలిసి ఊళ్లో కొత్త హోటళ్లు చూస్తున్నారు. లక్ష్మీపురంలో తామరల కుండీ కూడా చూశారు. ఇద్దరు ఆడవాళ్లు వెళ్తే ఎవరూ ఏమీ అడగరు, అమ్మా రండి అని లోపలికి పిలుస్తారు. ఆ పిలుపు వినపడ్డప్పుడల్లా శ్రీదుర్గకి చిర్రెత్తుతుంది. సైదాబీకి అది అర్థం కాదు. "టేబులిచ్చారుగా, ఇంకేం?" అంటుంది.

మొన్న ఒంగోలులో మీటింగు అయ్యాక బైపాస్ దగ్గర కొత్త భోజన హోటల్ కనపడితే శ్రీదుర్గ కారాపింది. కొత్తపట్నం చేపల పులుసని బయట బోర్డు పెట్టారు, దాని కింద శాకాహార భోజనమని చిన్న అక్షరాలతో రాశారు. గల్లా దగ్గర మనిషి నోరు తెరవకముందే, "ఒక్కదాన్నే. పార్సెల్ వద్దు. కూర్చుని తింటాను" అంది. అతను తడబడి, చేతులు కడుక్కునే చోటి పక్క బల్ల చూపించాడు. అక్కడ కాదని, ఫ్యాన్ కింద ఉన్న బల్ల దగ్గర కూర్చుంది. ఫ్యాన్ వెయ్యమంది. వేశారు.

గోంగూర బాగుంది. దొండకాయ వేపుడు ఇంకా బాగుంది. మారు అన్నం ఎవరూ అడగకపోతే తనే పిలిచి పెట్టించుకుంది. చారు అయిపోయింది, పెరుగు రాలేదు. వడ్డించే మనిషి పెరుగు గిన్నెతో రెండుసార్లు ఆమె పక్కనుంచే పోయి, వెనక ఉన్న పెద్ద కుటుంబం దగ్గర ఆగాడు. ఆమె చెయ్యెత్తింది. అతను చూడలేదు.

"బాబూ, పెరుగు" అంది శ్రీదుర్గ.

హాల్లో కొంతమంది తలలు తిప్పి చూశారు. అతనికి మాత్రం వినపడలేదు. ఆమె చేతికంటిన అన్నం ఆరిపోతోంది. పొలం గట్టు మీద నుంచి అవతలి చేలో ఉన్నవాళ్లని పిలిచే గొంతు తెచ్చుకుని, మళ్లీ పిలిచింది.